గాయం మానింది... మంట మానలేదు!

"రైక వేసుకుని తొమ్మిది నెలలయింది, అమ్మణ్ణీ!"

కిందటి సంక్రాంతికి ఇందుకూరుపేట వెళ్లినప్పుడు మా పెద్దమ్మ నాతో అన్న మొదటి మాట ఇది. పండగపూట ఇంటినిండా జనం. వాకిట్లో ముగ్గులు, వంటింట్లో అరిసెల పాకం వాసన. ఆమె మాత్రం వెనకగదిలో తలుపు దగ్గరగా వేసుకుని, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలుచీర ఒంటికి వదులుగా చుట్టుకుని కూర్చుని ఉంది. గదిలో ఫాను కూడా తిరగడం లేదు. "గాలి తగిలితే చాలు, ఎడమపక్క నిప్పుకణిక పెట్టినట్టు ఉండాది" అంది.

67 ఏళ్ల మనిషి. పెదనాన్న పోయాక నాలుగెకరాల వరి తనే చూసుకుంది. నాట్ల రోజుల్లో కూలీలతోపాటు తనూ మడిలోకి దిగేది. మైపాడు నుంచి వచ్చే బస్సెక్కి నెల్లూరు పోయి ఎరువులు, విత్తనాలు తనే బేరం చేసి తెచ్చుకునేది. అలాంటి మనిషి పమిట ఒంటికి తగిలితే ఉలిక్కిపడే స్థితికి వచ్చింది. చూద్దామంటే అక్కడ పుండు లేదు, వాపు లేదు. పక్కటెముకల వెంబడి నాలుగు మచ్చలు, అంతే. "ఏమీ లేదు గదా, ఎందుకంత బాధ?" అని ఇంటికొచ్చినవాళ్లంతా అడిగేవాళ్లట. నొప్పికంటే ఆ మాటే ఎక్కువ బాధించిందని పెద్దమ్మ చెప్పింది.

మూడు రోజులు కావికే పోయాయి

అంతకుముందు వేసవి మొదట్లో ఆమెకు వీపు నుంచి రొమ్ము కిందిదాకా, ఎడమపక్క మాత్రమే, పట్టీ వేసినట్టు నీటిపొక్కులు లేచాయి. కొందరు దీన్ని అక్కి అంటారు, కొందరు సర్పి అంటారు. ఎవరో చెప్పారని కావి పూయించారు. నాలుగురోజులు చూసి, తగ్గకపోతే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఆయింట్‌మెంటు తెచ్చారు. మూడు వారాలకి పొక్కులు ఎండి, పక్కులు రాలిపోయాయి. మంట మాత్రం మిగిలిపోయింది.

ఇది కొత్తగా ఎవరి దగ్గరో అంటుకున్న జబ్బు కాదు. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి తగ్గిపోయిందనుకుంటాం కదా, ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కన నరాల మూలాల్లో దశాబ్దాలపాటు నిద్రపోతుంది. వయసు మీదపడి రోగనిరోధకశక్తి తగ్గినప్పుడు లేచి, ఏ నరం మూలంలో దాగిందో ఆ నరం వెంబడే చర్మం మీదికి వస్తుంది. అందుకే ఒకేపక్క, పట్టీలాగా లేస్తుంది. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు వైరస్‌ను అణిచే బిళ్లలు మొదలుపెడితే జబ్బు జోరు తగ్గుతుంది. పెద్దమ్మకి ఆ మూడు రోజులూ కావి పూతలోనే గడిచిపోయాయి. ఇక యాభై దాటినవాళ్లకి అసలు ఇది రాకుండా వేసే టీకా మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. ఖరీదు ఎక్కువే. అయినా సంగతి తెలిసి ఉండటం మంచిది.

ఇక్కడ మన భాష ఒక చిక్కు పెడుతుంది. రక్తం పారే గొట్టాన్నీ నరమనే అంటాం, ఒంటి కబుర్లు మెదడుకి మోసే తీగనీ నరమనే అంటాం. "నరాల బలహీనత" అనగానే ఒక ఇంజెక్షను పొడిచి పంపేవాళ్లకి ఈ గందరగోళం బాగానే ఉపయోగపడుతోంది! ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నది రెండో నరం గురించి. వైరస్ ఆ తీగని కొరికేసింది. చెయ్యి కాలితే మంట పుట్టడం న్యాయమే. కానీ ఇక్కడ కాలింది కబురు మోసే తీగే. ఏమీ లేకపోయినా అది "కాలుతోంది, కాలుతోంది" అని మెదడుకి కబురు పంపుతూనే ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ వెన్నుపాము, మెదడు కూడా ఆ కేకలకి అలవాటుపడి, చిన్న తాకిడినీ పెద్ద మంటగా లెక్కగట్టడం మొదలుపెడతాయి. దొంగ పోయి ఏడాదైనా వీధికుక్క మొరుగుతూనే ఉన్నట్టు!

ఇలాంటి నొప్పి అక్కి ఒక్కదానితోనే రాదు. షుగరు ముదిరినవాళ్ల అరికాళ్ల మంటలు, పక్షవాతం తర్వాత చచ్చుపడిన వైపు రగిలే మంట, వెన్నుపాముకి దెబ్బ తగిలినవాళ్ల నొప్పి, అన్నీ ఈ కోవలోవే. మామూలు నొప్పిబిళ్లలు వీటికి పెద్దగా పనిచేయవు. పెద్దమ్మ ఆరు నెలలు మింగింది. నొప్పి తగ్గలేదు సరికదా, కడుపులో మంట ఒకటి అదనంగా వచ్చింది.

"నాకేమన్నా పిచ్చా?"

అట్లాగని మందులే లేవా? ఉన్నాయి. నెల్లూరులో నరాల డాక్టరు ఒకాయన రాత్రిపూట వేసుకోమని ఎమిట్రిప్టిలిన్ అనే బిళ్ల రాసిచ్చాడు. చీటీ తీసుకుపోతే మందుల షాపు కుర్రాడు నోరూరుకోక, "ఇది డిప్రెషన్ బిళ్ల కదక్కా, ఎవరికీ?" అన్నాడు మా వదినతో. ఆ మాట ఇంటికొచ్చింది. "కనపడే జబ్బు లేదు గాబట్టి నాకు పిచ్చని రాసినాడా?" అని పెద్దమ్మ బిళ్లల అట్ట తీసి చెత్తబుట్టలో పడేసింది.

నిజానికి ఆ డాక్టరు చేసిన తప్పేమీ లేదు, విడమరిచి చెప్పకపోవడం తప్ప. ఆ బిళ్ల కుంగుబాటుకి పుట్టిన మాట నిజమే. కానీ కొద్ది మోతాదులో అది వెన్నుపాము దగ్గర నొప్పి కబుర్లని అడ్డుకుంటుంది. అట్లాగే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ అనేవి మూర్ఛకి వచ్చిన మందులు. డ్యులోక్సెటిన్ కూడా కుంగుబాటు మందే. ప్రపంచమంతటా నరాల నొప్పికి మొదట ఇచ్చేవి ఇవే. వేసుకున్న రోజే తగ్గవు. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి నిదానంగా పెంచుతూ కొన్ని వారాలు చూడాలి. మత్తు, నోరెండిపోవడం, తల తిరగడం ఉంటాయి. పెద్దవాళ్లు రాత్రి లేచి తూలిపడకుండా చూసుకోవాలి.

ఇవేవీ ఎవరూ చెప్పలేదు కాబట్టి మా ఇంట్లో వైద్యం వేరే దారి పట్టింది. బంధువొకామె అయస్కాంతపు బెల్టు తెచ్చి కట్టుకోమంది. అది తగిలితేనే పెద్దమ్మ ప్రాణం పోయినంత పనైంది. తర్వాత మా తమ్ముడు, అంటే పెద్దమ్మ కొడుకు, ఫోన్లో ఒక వీడియో చూశాడు. "అక్కా, మద్రాసులో మెదడుకి అయస్కాంతం పెట్టి నరాల నొప్పి తగ్గిస్తారంట. రొయ్యల చెరువు లీజు డబ్బులు చేతిలో ఉండాయి. తీసకపొమ్మంటావా? ఇది కూడా ఆ బెల్టు మాదిరేనా?" అని అడిగాడు. పేపర్లో రాసేదాన్ని కాబట్టి నాకు అన్నీ తెలుసని వాడి నమ్మకం! తెలియదు. అందుకే తెలుసుకోవడం మొదలుపెట్టాను.

ఇండక్షన్ స్టవ్ చెప్పే పాఠం

బెల్టుకీ ఈ వైద్యానికీ పేరులో అయస్కాంతం ఉంది గానీ, రెండింటికీ పోలికే లేదు. తేడా మీ వంటింట్లోనే ఉంది. ఇండక్షన్ స్టవ్ ఉంది కదా, దాని అద్దం కింద రాగి తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు అటూ ఇటూ వేగంగా మారుతుంటే చుట్టూ అయస్కాంత శక్తీ మారుతుంది. ఆ మార్పు పైనున్న ఇనుపగిన్నెలో కరెంటు పుట్టిస్తుంది, గిన్నె వేడెక్కుతుంది. మధ్యలో మంట లేదు, తీగ లేదు. మారే అయస్కాంతం కరెంటును పుట్టిస్తుందని మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సంగతే ఇది. సైకిలు డైనమో కూడా అంతే. చక్రం తిరిగినంతసేపే దీపం, ఆగితే చీకటి. బెల్టులో అయస్కాంతం ఆగిపోయిన సైకిలు లాంటిది. కట్టుకుని ఏడాది తిరిగినా నరంలో రవ్వంత కరెంటు పుట్టదు. అలాంటి బెల్టులు, కడియాలు, పరుపులు నొప్పి తగ్గిస్తాయని పరీక్షల్లో రుజువు కాలేదు.

మెదడు వైద్యంలో తీగచుట్టని తలమీద ఆనిస్తారు. ఎంఆర్ఐ యంత్రంలో ఉండేంత అయస్కాంత శక్తి సెకనులో వెయ్యోవంతుకంటే తక్కువసేపు పుట్టి మాయమవుతుంది. పుర్రె దానికి అడ్డం రాదు. కిందనున్న మెదడు పైపొరలో, రెండుమూడు సెంటీమీటర్ల లోతున, చిన్న కరెంటు పుడుతుంది. ఇంగ్లండులో షెఫీల్డ్ నగరానికి చెందిన ఆంథొనీ బార్కర్ బృందం 1985లో మొదటిసారి ఇట్లా మెదడుని తట్టి లేపి చూపించింది. తలమీద చుట్ట పెడితే చేతివేళ్లు వాటంతటవే కదిలాయి!

వేళ్లు కదలడానికీ నొప్పి తగ్గడానికీ ఏమిటి సంబంధం? నాకూ అదే వింతగా తోచింది. చేతులూ కాళ్లూ కదిలించమని ఆజ్ఞలిచ్చే పట్టీ ఒకటి మెదడులో నడినెత్తి నుంచి చెవివైపు దిగుతుంది. జపాన్‌లో సుబొకావా అనే వైద్యుడు, ఆయన తోటివారు పక్షవాతం తర్వాత తగ్గని మంటలున్నవాళ్లకి ఆ పట్టీ మీద కరెంటు పలకలు అమర్చితే నొప్పి తగ్గుతోందని 1991లో చెప్పారు. కాకపోతే దానికి పుర్రె తెరవాలి. తెరవకుండానే అదే పట్టీని బయట నుంచి అయస్కాంతంతో తడితే ఎట్లా ఉంటుందని ఫ్రాన్స్‌లో లెఫోషేర్ వంటి వైద్యులు ప్రయత్నించారు. ఆ పట్టీకీ, మెదడు లోపల నొప్పిని లెక్కగట్టే చోట్లకీ దారులున్నాయి. అక్కడ మొరుగుతున్న కుక్కని ఇక్కడి నుంచి అదిలించడమన్నమాట. ఒంట్లో తయారయ్యే, నల్లమందు వంటి నొప్పి తగ్గించే పదార్థాలు కూడా ఇందులో పనిచేస్తాయని 2011లో ఒక పరీక్షలో తేలింది. నల్లమందు ప్రభావానికి విరుగుడు ఇచ్చి చూస్తే ఈ వైద్యం వల్ల వచ్చే ఉపశమనం తగ్గిపోయిందట.

జడపిన్నులు తీస్తే చాలు

"గుండు కొట్టాల్నా?" పెద్దమ్మ అడిగిన మొదటి ప్రశ్న. అక్కర్లేదు. జడపిన్నులు, కమ్మలు, ముక్కుపుడక తీసి పక్కన పెట్టాలి. మత్తు ఇవ్వరు, సూది లేదు. పళ్ల డాక్టరు దగ్గరుండేలాంటి కుర్చీలో కూర్చోబెట్టి చెవుల్లో దూది లాంటి బిరడాలు పెడతారు. యంత్రం చప్పుడు టకటకా గట్టిగానే ఉంటుంది. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న తీగచుట్టని, నొప్పి ఎడమపక్కైతే తలకి కుడిపక్కన ఆనిస్తారు. మెదడు ఎడమాకుడీ తారుమారు కదా! మొదట బొటనవేలు చిన్నగా ఎగిరేంత శక్తి ఎంతో చూసుకుని, దానికంటే కాస్త తగ్గించి వైద్యం మొదలుపెడతారు. సెకనుకి 10 చొప్పున కొన్ని సెకన్లు తట్టడం, కాసేపు ఆపడం, మళ్లీ తట్టడం. ఒక సిట్టింగులో మొత్తం మూడు వేలదాకా తట్లు. పావుగంట నుంచి అరగంటలో అయిపోతుంది. లేచి ఇంటికి నడిచి వెళ్లొచ్చు.

"కరెంటు షాకు అంటే ఇదేనా?" అని మా వదిన భయపడింది. కాదు. షాకు వైద్యంలో మత్తిచ్చి కావాలనే మూర్ఛ తెప్పిస్తారు. ఇక్కడ మూర్ఛ రాకుండా జాగ్రత్తపడతారు. అయినా చాలా అరుదుగా వచ్చే అవకాశం ఉంది. అందుకే ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్లు దాచకుండా చెప్పాలి. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో కాక్లియర్ యంత్రం, గుండెకి పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పాలి. వాడే మందులన్నీ చూపించాలి. మామూలుగా వచ్చే ఇబ్బందులు తలనొప్పి, తట్టినచోట చురుకు. ఒకటిరెండు రోజుల్లో పోతాయి.

ఇంకోమాట. ఈ యంత్రం చాలాచోట్ల మానసిక వైద్యుల దగ్గర ఉంటుంది. ఎందుకంటే అమెరికాలో దీనికి మొదట అనుమతి వచ్చింది కుంగుబాటుకే, 2008లో. బెంగుళూరు నిమ్హాన్స్‌లోనూ దీన్ని మానసిక వ్యాధులకి వాడుతున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో నొప్పి మీద ఈ పద్ధతితో పరిశోధనలు చేశారు. సైకియాట్రీ అని బోర్డు చూసి గుమ్మం దగ్గరే వెనక్కి తిరగకండి. తలుపుమీద ఏం రాసుందో నొప్పికి తెలియదు కదా!

మరి తగ్గుతుందా?

మా తమ్ముడికి కావలసింది ఈ ఒక్క ప్రశ్నకి జవాబు. వీడియోలో "పూర్తిగా మాయం" అన్నారట. అది మాత్రం నిజం కాదు.

ఫ్రాన్స్‌లో నాలుగు ఆసుపత్రులు కలిసి 149 మంది నరాల నొప్పి రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. కొందరికి కదలికల పట్టీ మీద, కొందరికి నుదుటివైపు మెదడు మీద, మరికొందరికి చప్పుడు చేసే ఉత్తుత్తి యంత్రంతో ఇచ్చారు. 22 వారాల్లో 15 సిట్టింగులు. కదలికల పట్టీ మీద ఇచ్చినవాళ్లకి ఉత్తుత్తి యంత్రం వాళ్లకంటే నొప్పి ఎక్కువ తగ్గింది. నుదుటివైపు ఇచ్చినవాళ్లకి ఆ తేడా కనపడలేదు. అంటే యంత్రం ఉంటే చాలదు, ఎక్కడ తడుతున్నారన్నదీ ముఖ్యమే. కుంగుబాటుకి తట్టే చోటు వేరు, నొప్పికి తట్టే చోటు వేరు.

మరోపక్క, అంతకుముందు జరిగిన పరీక్షలన్నీ కలిపి 2018లో కాక్రేన్ వాళ్లు సమీక్షించి, ఆధారాల నాణ్యత తక్కువ, ఉపశమనం ఉన్నా కొద్దికాలమే అన్నారు. 2025లో అంతర్జాతీయ నొప్పి నిపుణులు వెలువరించిన సూచనల్లో ఈ వైద్యానికి మూడో వరుసలో చోటిచ్చారు. మొదటి వరుస ఏవో తెలుసా? పెద్దమ్మ చెత్తబుట్టలో పడేసిన బిళ్లా, దాని తోబుట్టువులూ. రెండో వరుసలో మిరపకారం నుంచి తీసే మందు పట్టీలు, క్రీములు, తిమ్మిరి పుట్టించే లిడోకెయిన్ పట్టీలు ఉన్నాయి. వాటి తర్వాతే అయస్కాంతం.

ఈ సంగతి తెలిశాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లీజు డబ్బు పట్టుకుని మూడో మెట్టుకి ఎగరబోతున్నాం, మొదటి మెట్టు కింద చెత్తబుట్టలో ఉంది!

మళ్లీ నెల్లూరు డాక్టరు దగ్గరికే వెళ్లాం. ఈసారి నేనూ పక్కన కూర్చున్నాను. ఆయన విసుక్కోకుండా అంతా విన్నాడు. "పదికి ఎన్ని మార్కులమ్మా మీ నొప్పికి?" అన్నాడు. "తొమ్మిది" అంది పెద్దమ్మ. "పదెందుకు కాదు?" అంటే, "రేపటికి ఒకటి దాచిపెట్టుకున్నా" అంది. డాక్టరూ నవ్వాడు, పెద్దమ్మా నవ్వింది. ఆ నవ్వులో బిళ్లమీది కోపం సగం పోయింది. గుండె పరీక్ష చేయించి, అదే బిళ్ల 10 మిల్లీగ్రాములతో రాత్రిపూట మొదలుపెట్టాడు. ఆరు వారాలకి రాత్రి నాలుగైదు గంటలు నిద్ర పట్టింది. మార్కులు ఆరుకి దిగాయి. ప్రీగాబలిన్ కూడా కలిపి చూశారు గానీ తల తిరిగి గోడ పట్టుకోవాల్సి వస్తుంటే మానేశారు.

ఆ ఆరు దగ్గర నొప్పి ఆగిపోయింది. అప్పుడు డాక్టరే చీటీ రాసి మద్రాసు పంపించాడు. వెళ్లేముందు ఫోన్లో నాలుగు మాటలు అడిగి కనుక్కున్నాం. నరాల నొప్పికి ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చారా, తలమీద ఏ చోట ఇస్తారు, మొత్తం ఎన్ని సిట్టింగులకి ఎంతవుతుంది, ఎన్ని సిట్టింగుల తర్వాత మార్పు లేకపోతే ఆపేస్తారు. ఒకచోట చివరి ప్రశ్నకి "ఆపడమేంటమ్మా, గ్యారంటీ!" అన్నారు. అక్కడికి వెళ్లలేదు. ఇంకోచోట డాక్టరమ్మ "పది చూద్దాం. మూడోవంతు తగ్గినా మంచి ఫలితమనే అనుకోవాలి. అసలు తగ్గకపోనూవచ్చు" అంది. పెద్దమ్మకి ఆ మాటే నచ్చింది.

రెండు వారాలు మద్రాసులో చుట్టాలింట్లో మకాం. మొదటి వారం ఏమీ లేదు. "వడ్రంగిపిట్ట నెత్తిమీద కూర్చున్నట్టు ఉండాది, అంతే. డబ్బులు దండగ" అని రోజూ ఫోన్లో సణుగుడు. రెండో వారం మధ్యలో ఒక సాయంత్రం ఫోనొచ్చింది. "ఫాను వేసినారు అమ్మణ్ణీ. నేను ఆపమనలా." అంతే చెప్పి పెట్టేసింది.

ఊరికి వచ్చేనాటికి నాలుగు మార్కులు. నెలన్నర బాగానే ఉంది. తర్వాత మెల్లగా మళ్లీ పైకి ఎక్కింది. ఇది ఉండేదే, అప్పుడప్పుడూ సిట్టింగు ఇచ్చి నిలబెట్టుకోవాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. మద్రాసులో ఉండేవాళ్లకి అదొక పూట పని. ఇందుకూరుపేట మనిషికి మాత్రం తెల్లారుజామున లేచి బస్సు, నెల్లూరులో రైలు, అక్కడ ఆటో, మళ్లీ తిరుగు ప్రయాణం. తోడు వెళ్లే కొడుక్కి చెరువు దగ్గర పని నష్టం. ఒక పూట వైద్యానికి రెండు రోజులు ఖర్చవుతాయి. యంత్రం ఉన్న ఊరికీ నొప్పి ఉన్న ఊరికీ మధ్య దూరాన్ని ఏ పరీక్షలోనూ మార్కులేసి కొలిచినట్టు నేను చూడలేదు. ఇప్పటికి రెండుసార్లు వెళ్లొచ్చింది. రాత్రి బిళ్ల మాత్రం మానలేదు.

మొన్న కార్తీకంలో ఫోన్ చేశాను.

"ఎన్ని మార్కులు పెద్దమ్మా?"

"నిన్నటిదాకా నాలుగు. ఈ పొద్దు అయిదు. వచ్చే నెల మద్రాసు పోదామంటాడు మీ తమ్ముడు. నాట్లు కానీరా, అప్పుడు చూద్దాం అన్నా."

"మడిలోకి దిగుతున్నావా ఏంది?"

"దిగలా. గట్టుమీద నిలబడితే తప్పేముంది?" అని కాసేపు ఆగి, "పండక్కి వచ్చేటప్పుడు మెత్తటి మల్లుగుడ్డ రెండు మీటర్లు పట్టుకురా. రైకలు వదులుగా కుట్టించుకోవాల. పాతవన్నీ బిగువైపోయినాయి" అంది.